మత్తు సూదికి ముందు వేయాల్సిన లెక్క

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో తెగిన గాయానికి కుట్లు వేయించుకోవడానికో, పన్ను తీయించుకోవడానికో ఆసుపత్రికి వచ్చినవారు మత్తు సూది మాట వినగానే తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: “టెస్టు చేసినారా సార్?” ముంజేతి చర్మంలోకి చుక్కంత మందు ఎక్కించి, దాని చుట్టూ పెన్నుతో సున్న చుట్టి, పావుగంట ఆగి, దద్దురు లేవలేదని చూసుకున్నాకే అసలు సూది వేయడం పెన్సిలిన్ ఇంజెక్షన్ల నాటి నుంచి వచ్చిన అలవాటు. ఆ పెన్ను గీత రోగికీ ధైర్యమిస్తుంది, సూది వేసేవారికీ ధైర్యమిస్తుంది. మత్తు సూదిలో ఉండే లిగ్నోకెయిన్ అనే మందు విషయంలో మాత్రం ఆ ధైర్యానికి ఆధారం చాలా తక్కువ. ఈ మందుతో ప్రాణం మీదికి వచ్చే సందర్భాల్లో అధిక భాగం మోతాదు మించడం వల్లనో, మందు నేరుగా రక్తనాళంలోకి పోవడం వల్లనో ఏర్పడేవే. ఆ రెంటినీ ముంజేతి మీది సున్న పట్టుకోలేదు. సూదికి ముందు తేలాల్సిన మొదటి సంగతి రోగి బరువెంత అన్నది. బరువు చూసే మిషన్ సాధారణంగా ఓపీ గదిలో ఉంటుంది, కుట్లు వేసే గదిలో ఉండదు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ తయారుచేశారు. 1948లో అది జైలోకెయిన్ పేరుతో అంగడికి వచ్చింది. ఆ తర్వాత ఎన్ని కంపెనీలు ఎన్ని పేర్లతో తెచ్చినా ఆసుపత్రి భాషలో దాని పేరు నేటికీ జైలోకెయినే. నరం వెంట నొప్పి సంకేతం పరుగెత్తాలంటే నరపు పొరలో ఉండే సోడియం ద్వారాలు తెరుచుకోవాలి. మందు ఆ పొరను దాటి లోపలికి పోయి, లోపలి వైపు నుంచి ఆ ద్వారాలను మూస్తుంది. సంకేతం మెదడుకు చేరదు గనుక నొప్పి తెలియదు. అయితే ఈ ద్వారాలు చేతి నరాలకే పరిమితం కావు. మెదడులోనూ, గుండె కండరంలోనూ అవే రకం ద్వారాలున్నాయి. సూది వేసిన చోట నిలిచినంతసేపు ఇది మత్తుమందు. రక్తంలోకి ఎక్కువగా చేరిందంటే అదే పనిని మెదడులో, గుండెలో చేసే విషం. జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుట్టాయి.

ఇక లెక్క. సీసా మీద 2 శాతం అని ఉంటే 100 మి.లీ.లో 2 గ్రాముల మందు ఉన్నట్టు, అంటే ఒక మి.లీ.కి 20 మి.గ్రా. శాతాన్ని పదితో హెచ్చవేస్తే మి.లీ.కి ఎన్ని మిల్లీగ్రాములో వచ్చేస్తుంది. ఇంతకన్నా సులువైన సూత్రం అక్కర్లేదు. ఎడ్రినలిన్ (రక్తనాళాలను ముడిచే మందు) కలపని లిగ్నోకెయిన్‌ను పెద్దవారికి కిలో బరువుకు 4.5 మి.గ్రా. మించకుండా, మొత్తం మీద 300 మి.గ్రా. దాటకుండా వాడాలన్నది విస్తృతంగా పాటించే హద్దు. కొన్ని దేశాల పుస్తకాలు ఇంకా వెనక్కి తగ్గి కిలోకు 3 మి.గ్రా. దగ్గరే గీత గీస్తాయి. ఎడ్రినలిన్ కలిపితే కిలోకు 7 మి.గ్రా., మొత్తం 500 మి.గ్రా. వరకు అనుమతి. యాభై కిలోల కూలీ మనిషికి సాదా మందు 225 మి.గ్రా. హద్దు, అంటే 2 శాతం మందు 11 మి.లీ. చిల్లర. ఇప్పుడు బల్ల మీది సీసా చూడాలి. మన దగ్గర ఎక్కువగా వాడే 30 మి.లీ. వయల్ 2 శాతానిదైతే అందులో ఉన్నది 600 మి.గ్రా. సాదా మందుకు ఏ మనిషికైనా ఉన్న గరిష్ఠ హద్దుకు రెండింతల మందు ఒక్క సీసాలో అందుబాటులో ఉంటుందన్నమాట. “ఇంకో సిరంజి లాగు” అనేది ఎంత తేలికగా వచ్చే మాటో కుట్ల గదిలో నిలబడి చూసినవారికి తెలుసు. అందుకే విశాలమైన గాయానికి 2 శాతం బదులు 1 శాతం వాడటం మేలు. మత్తు దాదాపు అంతే పడుతుంది, చల్లుకోవడానికి రెట్టింపు పరిమాణం చేతికొస్తుంది, మిల్లీగ్రాములు మాత్రం పెరగవు. 1 శాతం వయల్ దొరకకపోతే 2 శాతం మందులో సమానంగా సెలైన్ కలిపితే చాలు.

పంటి వైద్యంలో ఈ లెక్క మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడికి పిల్లలు వస్తారు. 1.8 మి.లీ. కార్ట్రిడ్జిలో 2 శాతం మందు 36 మి.గ్రా. ఉంటుంది. కార్ట్రిడ్జి వాడితే ఎన్ని అయ్యాయో ఖాళీ గాజు గొట్టాలు లెక్కపెట్టుకోవచ్చు. పెద్ద వయల్ నుంచి 2 మి.లీ. సిరంజితో మళ్లీ మళ్లీ లాగేచోట ఆ లెక్క తప్పిపోతుంది. పదిహేను కిలోల పిల్లవాడికి సాదా మందు హద్దు 67 మి.గ్రా. దగ్గర ఆగుతుంది, అంటే రెండు కార్ట్రిడ్జిలు కూడా పూర్తిగా పట్టవు. రెండు దవడల్లో పుచ్చిన పళ్లన్నీ ఒకే పూట తీసేసి పంపమని దూరపు ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులు అడగడం సహజమే. బస్సు చార్జీ, కూలి పోవడం అన్నీ వాళ్లకు లెక్కే. ఆ లెక్కకు మందు లెక్క లొంగకూడదు.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి బండల మధ్య పనిచేసేవారి వేళ్లు నలగడం ఈ సీమలో తరచు చూసే గాయం. బండ కింద చితికిన చూపుడువేలికి కుట్లు వేయాలంటే నలిగిన చోటనే మందు ఎక్కించనక్కరలేదు. వేలి మొదట్లో రెండు పక్కలా నడిచే నరాల దగ్గర, ఒక్కోవైపు 1 నుంచి 2 మి.లీ. వేసి ఐదు నుంచి పది నిమిషాలు ఆగితే వేలంతా మొద్దుబారుతుంది. ఈ ఆగడమే కష్టం. బయట వరుస ఉంటుంది, గాయపడినవాడు మూలుగుతుంటాడు, రెండో నిమిషంలోనే సూది గుచ్చి చూసి “పట్టలేదు” అని మరో సిరంజి నింపుతారు. మందు చాలలేదన్న అనుమానంలో చాలాసార్లు అసలు చాలనిది సమయం. ఇక వేళ్లకు ఎడ్రినలిన్ కలిపిన మందు వాడకూడదన్న పాత నిషేధం గురించి చర్చ నడుస్తూనే ఉంది. ఎడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేసి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది, మందును అక్కడే ఎక్కువసేపు నిలుపుతుంది. వేలి చివర రక్తం ఆగి కుళ్లిపోతుందేమోనన్నది భయం. కెనడా చేతి శస్త్రవైద్యుడు డొనాల్డ్ లాలొండ్, ఆయన సహచరులు ఆ పాత నష్టాలకు అప్పట్లో వాడిన ప్రొకెయిన్ మందే కారణమై ఉంటుందని వాదించి, వేళ్లలో ఎడ్రినలిన్‌ను విస్తారంగా వాడి చూపారు. వారి పద్ధతిలో వేలు తెల్లబడి తేరుకోకపోతే విరుగుడుగా ఫెంటోలమిన్ చేతికందేలా ఉంటుంది. ఆ విరుగుడు బీరువాలో లేని మండల స్థాయి ఆసుపత్రిలో, అదీ బీడీలు తాగే, చక్కెర వ్యాధి ఉన్న మనిషి వేలికి సాదా లిగ్నోకెయిన్ చక్కగా పనిచేస్తుండగా ఆ సాహసం చేయాల్సిన అవసరం కనిపించదు.

మోతాదు మీరిపోవడానికి మరో దారి సెగగడ్డ. చీము పట్టిన చోట కణజాలం పులుపెక్కి ఉంటుంది. మందు నరపు పొరను దాటాలంటే విద్యుదావేశం లేని రూపంలో ఉండాలి. పులుపెక్కిన చోట అది ఎక్కువగా ఆవేశం ఉన్న రూపంలోకి మారి పొర బయటే నిలిచిపోతుంది. పైగా వాచి ఎర్రబడిన చోట రక్తప్రసారం ఎక్కువ కాబట్టి మందు త్వరగా కొట్టుకుపోతుంది. నొప్పి తగ్గదు, సిరంజిలు పెరుగుతాయి, రక్తంలోకి చేరేది మాత్రం అంతా చేరుతుంది. గడ్డలోకే పదేపదే పొడవడం మాని, దాని చుట్టూ ఆరోగ్యంగా ఉన్న చర్మం కింద కంచె వేసినట్టు వేయడం, లేదా ఆ భాగానికి వచ్చే నరాన్నే దూరంగా పట్టుకోవడం సరైన పద్ధతి. అదీ కుదరనంత పెద్ద గడ్డయితే పూర్తి మత్తు ఇవ్వగల చోటికి పంపాలి.

సూది వేసే తీరులో మూడు సంగతులు. మొదటిది, పిస్టన్‌ను కొద్దిగా వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడటం. రక్తం రాలేదంటే సూది నాళంలో లేదని పూర్తి భరోసా కాదు, సన్నని సూదిలోకి రక్తం రాకపోవచ్చు. అయినా చూడకుండా వేయడం తప్పు. రెండోది, మొత్తం ఒకేసారి తోసేయకుండా 3 నుంచి 5 మి.లీ. చొప్పున వేస్తూ మధ్యలో పావు నిమిషం నుంచి అర నిమిషం ఆగడం. మూడోది అన్నిటికన్నా చవకైనది, తరచు వదిలేసేది: రోగితో మాట్లాడుతూ ఉండటం. ఏ ఊరు, ఏం పంట వేశారు, పిల్లలేం చదువుతున్నారు వంటి మాటలు మర్యాద కోసం మాత్రమే కాదు. మందు మెదడుకు చేరుతున్న తొలి జాడలు ఆ మాటల్లోనే పట్టుబడతాయి. పెదవుల చుట్టూ తిమ్మిరి, నాలుక మొద్దుబారడం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, చెవుల్లో హోరు, కళ్లు తిరగడం, మాట తడబడటం, కారణం లేని కంగారు. తడబడే మాట వినాలంటే ముందు మనిషిని మాట్లాడించాలి కదా. ఈ దశలో సూది ఆపితే చాలావరకు అక్కడితో ఆగుతుంది. ఆపకపోతే కండరాల అదురు, మూర్ఛ, స్పృహ తప్పడం, తర్వాత గుండె లయ తప్పడం. కొన్నిసార్లు, ముఖ్యంగా మందు సూటిగా నాళంలోకి పోయినప్పుడు, తొలి జాడలేవీ లేకుండా నేరుగా మూర్ఛే రావచ్చు.

మూర్ఛ వచ్చినచోట మొదట చూసుకోవాల్సింది శ్వాస. నూరు శాతం ఆక్సిజన్ అందించాలి, ఎందుకంటే ఆక్సిజన్ తగ్గి రక్తం పులుపెక్కితే మందు విషం మరింత పదునెక్కుతుంది. మూర్ఛను మిడజొలామ్ వంటి మందుతో ఆపాలి. విరుగుడుగా నేడు ప్రపంచమంతా అంగీకరించినది 20 శాతం కొవ్వు ద్రావణం, నవజాత శిశువుల ఐసీయూల్లో పోషణ కోసం ఎక్కించే తెల్లటి పాలవంటి సీసా అదే. అమెరికా మత్తు వైద్యుడు గై వైన్‌బర్గ్ 1998లో ఎలుకల్లో దీని ప్రభావాన్ని చూపారు. 2006లో గుండె ఆగిన మనిషిని దీనితో బతికించిన తొలి ఉదంతం అచ్చయింది. కిలోకు 1.5 మి.లీ. చొప్పున మొదట వేగంగా, ఆ వెంటనే నిమిషానికి కిలోకు 0.25 మి.లీ. చొప్పున ఎక్కిస్తారు. యాభై కిలోల మనిషికి మొదటి విడతే 75 మి.లీ., తర్వాత నిమిషానికి 12.5 మి.లీ. కాబట్టి 100 మి.లీ. సీసా ఒక్కటి ఉంటే సరిపోదు. గుండె ఆగితే ఎడ్రినలిన్‌ను మామూలు మోతాదులో కాక కిలోకు ఒక మైక్రోగ్రాముకు మించని చిన్న మోతాదుల్లో ఇవ్వాలి. ఛాతీ నొక్కడం చాలాసేపు కొనసాగించాలి, ఎందుకంటే మందు దిగేకొద్దీ గుండె తిరిగి తేరుకునే అవకాశం ఉంటుంది. ఆదోని నుంచి కర్నూలు సర్వజన ఆసుపత్రికి సుమారు 100 కిలోమీటర్లు. ఆ దారిలో అంబులెన్సు పోయేలోపు చేయగలిగిన పని అంతా బయలుదేరిన చోటనే జరగాలి గనుక, పెద్ద పరిమాణంలో మత్తు సూదులు వేసే ఏ గదిలోనైనా ఆక్సిజన్, చేత్తో నొక్కి శ్వాస అందించే అంబూ బ్యాగు, ఈ తెల్ల సీసాలు దగ్గర ఉండాలి.

బుపివకెయిన్ అనే మరో మత్తుమందు దగ్గర ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ఎక్కువ గంటలు పనిచేస్తుందన్న ఆకర్షణతో దాన్ని లిగ్నోకెయిన్‌కు బదులుగా ఎంచుకుంటారు, అయితే అది గుండెలోని సోడియం ద్వారాలను పట్టుకుంటే తేలిగ్గా వదలదు. అమెరికాలో ప్రసవాల్లో వాడిన 0.75 శాతం బుపివకెయిన్‌తో గుండె ఆగి తల్లులు మరణించడంతో 1984లో ఆ గాఢతను ప్రసవాల్లో వాడకుండా నిలిపేశారు. కిలోకు 2 మి.గ్రా. దీని హద్దు, 0.5 శాతం మందైతే యాభై కిలోల మనిషికి 20 మి.లీ. రెండు మందులు కలిపి వాడేటప్పుడు దేని హద్దు దానికి విడిగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఒకదానిలో సగం వాడాక రెండోదానిలో సగమే మిగులుతుంది. కాలేయం చెడినవారిలో, ముసలివారిలో, గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనొలాల్ వాడేవారిలో లిగ్నోకెయిన్ శరీరం నుంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఆ హద్దులను ఇంకా కిందికి దించుకోవాలి.

టెస్టు సంగతికి వస్తే, లిగ్నోకెయిన్‌కు నిజమైన ఎలర్జీ ఉంది, అయితే అది చాలా అరుదు. “నాకు మత్తు సూది పడదు” అని చెప్పేవారిని విచారిస్తే చాలామందిలో తేలేది వేరు. ఒకరు కుర్చీలో కూర్చుని సూది చూసి సొమ్మసిల్లి ఉంటారు, మరొకరికి ఎడ్రినలిన్ వల్ల గుండె దడదడలాడి ఉంటుంది, ఇంకొకరికి పెద్ద వయల్‌లో నిల్వ కోసం కలిపే మిథైల్ పారాబెన్ పడి ఉండదు. ముందెప్పుడూ ఏ ఇబ్బందీ లేనివారందరికీ చర్మపు టెస్టు చేయడంలో పెద్ద ఉపయోగం లేదు. అది లేని ఎలర్జీని చూపవచ్చు, ఉన్నదాన్ని దాచవచ్చు. గతంలో ఒళ్లంతా దద్దుర్లో, ఆయాసమో వచ్చినవారిని మాత్రం బల్ల మీద పడుకోబెట్టి టెస్టు చేసేయకుండా, ఎలర్జీ పరీక్షలు పద్ధతిగా చేసేచోటికి పంపాలి. మత్తు డాక్టర్లు వెన్ను దగ్గర ఎపిడ్యూరల్ గొట్టం పెట్టాక ఇచ్చే “టెస్ట్ డోస్” పేరుకే ఒకటి, అసలు పని వేరు. 1.5 శాతం లిగ్నోకెయిన్ 3 మి.లీ.లో కొద్దిగా ఎడ్రినలిన్ కలిపి వేసి, గుండె వేగం పెరిగితే గొట్టం నాళంలో ఉందని, కాళ్లు వెంటనే మొద్దుబారితే వెన్ను ద్రవంలో ఉందని గుర్తిస్తారు. ఆ టెస్టుకు అర్థముంది. ముంజేతి మీది సున్నకు అది రాదు.

సీసా గురించి కూడా కొంత చెప్పుకోవాలి. వయల్ రబ్బరు మూతకు సూది గుచ్చి అలాగే వదిలేసి, వచ్చినవారికల్లా దానిలోంచే లాగడం సూక్ష్మక్రిములకు తలుపు తెరిచి పెట్టడమే. ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి కావాలి; మూత తీసిన తేదీ సీసా మీద రాసి, 28 రోజులు దాటితే పారేయాలి. వేసవిలో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సాదా లిగ్నోకెయిన్ కొంత ఓర్చుకుంటుంది గానీ ఎడ్రినలిన్ వేడికీ వెలుతురుకూ చెడుతుంది, గులాబీ లేదా గోధుమ రంగు తిరిగిన మందును వాడకూడదు. అంతకన్నా పెద్ద ప్రమాదం పేరు చదవకపోవడం. రంగులేని ద్రవాలన్నీ ఒకేలా ఉంటాయి. వెన్నులో వేయాల్సిన హెవీ బుపివకెయిన్ అనుకుని రక్తస్రావం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంప్యూల్ విరిచి ఎక్కించిన ఘోరాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. ట్రేలో రెండు చిన్న గిన్నెల్లో రెండు ద్రవాలు పోసి పేరు రాయకుండా ఉంచడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

మిగిలినది తేలు. శనక్కాయ చెట్లు పీకేటప్పుడు, బండలు తిప్పేటప్పుడు, రాత్రి వాకిట్లో పడుకున్నప్పుడు ఇక్కడ తేలు కుట్టడం మామూలే, అందులో ఎర్ర తేలు ప్రాణాంతకం. ఆ విషం సోడియం ద్వారాలను మూసుకోనివ్వకుండా తెరిచి ఉంచుతుంది, లిగ్నోకెయిన్ అవే ద్వారాలను మూస్తుంది. కుట్టిన వేలి మొదట్లో సాదా మందు వేస్తే భరించలేని మంట నిమిషాల్లో తగ్గడానికి కారణం ఇది. ఎడ్రినలిన్ కలిసిన మందును ఇక్కడ ముట్టకూడదు, ఎందుకంటే విషం అప్పటికే శరీరంలో ఎడ్రినలిన్ తుఫాను లేపి ఉంటుంది. అయితే ఈ ఉపశమనంలో రెండు మోసాలున్నాయి. మంట తగ్గగానే గండం గడిచిందనిపిస్తుంది, కానీ వాంతులు, చెమటలు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం వంటివి తర్వాత మొదలు కావచ్చు. వాటికి రక్తనాళాలను సడలించే ప్రాజోసిన్ మందు వాడాలని మహారాష్ట్రలోని మహాడ్ వైద్యుడు హిమ్మత్‌రావ్ బవాస్కర్ దశాబ్దాల కిందటే చూపారు. రెండోది, మత్తు గంటా రెండు గంటల్లో దిగిపోయి మంట మళ్లీ లేస్తుంది, మళ్లీ సూది అడుగుతారు. ఊళ్లో ఒకరు, మండలంలో ఒకరు, జిల్లా కేంద్రంలో ఒకరు వేసిన సూదులు ఒకే ఒంట్లో కలుస్తాయి. పన్నెండు కిలోల పాపకు పెద్దల హద్దు ప్రకారం చూసినా 54 మి.గ్రా., అంటే 2 శాతం మందు 2.7 మి.లీ.; కిలోకు 3 మి.గ్రా. లెక్కన చూస్తే 1.8 మి.లీ. మాత్రమే. పాపను పై ఆసుపత్రికి పంపేటప్పుడు చీటీ మీద “తేలు కాటు, మత్తు సూది వేయబడినది” అని రాస్తే అక్కడివారికి తెలిసేది ఏమీ లేదు. బరువు 12 కిలోలు, సాదా లిగ్నోకెయిన్ 2 శాతం, 1 మి.లీ., కుడి చేతి ఉంగరపు వేలు, రాత్రి 9:40 అని ఉంటే, ఇంకా ఎంత వేయవచ్చో రాత్రి పదకొండింటికి ఆ చీటీ చదివే డాక్టరుకు తెలుస్తుంది.